చేపల షాపులో దొరకనివి బ్లౌజుల సామాను షాపులో దొరికాయి: ఫ్లై కట్టే సరుకు కోసం నేను తిరిగిన మూడు నెలలు

2024 నవంబరు 16, శనివారం. కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి, "సార్, మీ పార్సిల్ రిటర్న్ అయిపోయింది" అన్నాడు. ఇరవై మూడు రోజులుగా ఎదురుచూస్తున్న పార్సిల్. ఈకలు జంతువులకి సంబంధించిన సరుకు కిందకి వస్తాయట, దానికి ఉండాల్సిన కాగితాలు లేవట. రవాణాకి కట్టిన ₹1,900 గోవిందా.

అందులో ఏముందో చెబితే నవ్వుతారు. ఒక కోడిపుంజు మెడ తోలు, ఈకలతో సహా. అమెరికా షాపులో ఉన్నవాటిలో చవకది చూసి కొన్నాను. దాని పేరు "ఇండియన్ కేప్". అంటే మన దేశపు కోడి మెడ ఓడెక్కి అమెరికా వెళ్లి, అక్కణ్ణుంచి విమానమెక్కి నా దగ్గరికి బయల్దేరి, గుమ్మం దాకా వచ్చి మళ్లీ అమెరికా వెళ్లిపోయింది. ఆ రోజు సాయంత్రం మా వీధి చివర చికెన్ సెంటర్ ముందు నిలబడి పంజరంలో ఉన్న నాటు పుంజుని చూస్తూ, నా అంత తెలివితక్కువవాడు ఇంకొకడు ఉంటాడా అనుకున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గాలపు ముల్లుకి దారం, ఈక, బొచ్చు, రేకు చుట్టి నీటిపురుగులాగో చిన్న చేపలాగో కనిపించేట్టు చేస్తారు. అదే ఫ్లై. ఎర అక్కర్లేదు. నాలుగేళ్లుగా కొన్న ఫ్లైలతోనే నడిపాను. సొంతంగా కట్టుకుందామని ఆన్‌లైన్‌లో సరుకంతా బుట్టలో వేస్తే ₹7,850 తేలింది. పార్సిల్ దెబ్బతో ఆ బుట్ట ఖాళీ చేసేసి, వెయ్యి రూపాయల్లో హైదరాబాదు షాపుల్లోనే మొత్తం పోగేస్తానని మా ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. అదే భయపెట్టింది.

మర్నాడు ఆదివారం, పొద్దున్నే బేగంబజార్ వెళ్లాను. హోల్‌సేల్ బజారు ఆదివారం ఎలా ఉంటుందో ఆలోచించని పెద్దమనిషిని నేనే. ఒకదాని పక్కన ఒకటి షట్టర్లు, వాటి ముందు క్రికెట్ ఆడుతున్న పిల్లలు. ఆటోకి రానూపోనూ డబ్బు తగలేసి, వచ్చే దారిలో గాలాల షాపు ఒకటి తెరిచి ఉంటే దిగాను.

అక్కడ నేర్చుకున్నది ఒకటే, కానీ ముఖ్యమైనది. మన దగ్గర అమ్మే చిన్న ముళ్లలో చాలావాటికి కన్ను ఉండదు. చివర రేకులా చదునుగా కొట్టి ఉంటుంది, దారాన్ని దాని కింద ముడి వేస్తారు. ఎర గుచ్చేవాళ్లకి అది చాలు. ఫ్లైకి మాత్రం కన్ను ఉన్న ముల్లే నయం, మనం చుట్టిన తల పక్కనుంచే దారం దూర్చి కట్టుకోవాలి కదా. "చిన్నవి ఇవ్వు" అని అడిగితే ఆ చదునువే ఇస్తారు. ప్యాకెట్ విప్పి చూసి తీసుకోండి. ముల్లు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. నాకు కన్ను ఉన్నవి 10 నంబరు దాకానే దొరికాయి. మూడు ప్యాకెట్లు, ₹360. "ఈకలేమైనా ఉన్నాయా?" అని అడిగితే షాపతను నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, రబ్బరు కప్ప తీసి కౌంటర్ మీద పెట్టాడు.

సోమవారం నుంచి గురువారం దాకా ఆఫీసు. ఆ వారంలో మా ఆవిడ నా జాబితా చదివింది. ఓవల్ టిన్సెల్, ఫ్లాస్, వైర్ రిబ్బింగ్, గ్లాస్ బీడ్ అని రాసి ఉంది. ఒక్కోదాని ఫొటో చూపించమంది. చూసి, "ఇది జరీ. ఇది సిల్క్ థ్రెడ్, గాజులకి చుడతాం కదండీ, అదే. ఇది జర్దోసి. మగ్గం వర్క్ సామాన్లు అమ్మే షాపుకి వెళ్లండి, చేపల ఊసెత్తకండి" అంది.

ఆ చివరి మాట బంగారం. ఎందుకంటే నవంబరు 23న మళ్లీ బేగంబజార్ వెళ్లినప్పుడు, మొదటి షాపులో నేను ఊసెత్తాను. "అన్నా, చేపలు పట్టడానికి మెరిసే దారం కావాలి" అన్నాను. గాలిపటం మాంజా షాపు చూపించాడు. రెండో షాపులో నోరు మూసుకుని, "జర్దోసి చూపించండి" అన్నాను.

"బ్లౌజుకా, లెహంగాకా?"

"బ్లౌజుకి."

"ఎన్ని బ్లౌజులు?"

ముల్లుకి ఒక సెంటీమీటరు చాలని ఎలా చెప్పను? "ఒకటే" అన్నాను. చిన్న ప్యాకెట్లు ముందర పోశాడు. జర్దోసి మీరు చీర అంచుల మీద చూసే ఉంటారు కానీ, వేళ్ల మధ్య పట్టుకుని చూసి ఉండరు. వెంట్రుకంత తీగని చుట్టిచుట్టి చేసిన స్ప్రింగ్ అది, లోపల బోలు. కొంచెం లాగితే సాగుతుంది. ఎక్కువ లాగారో మళ్లీ దగ్గరికి రాదు, చచ్చిన పాములా ఉండిపోతుంది. దాన్ని ఆరు మిల్లీమీటర్లు కత్తిరించి, ముల్లు మొన దగ్గరుండే ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కేసి, మొన వైపునుంచి ఎక్కిస్తే ముల్లు వంపు మీద కూర్చుని కణుపులు కణుపులుగా నీటిపురుగు పొట్టలా కనిపిస్తుంది. దారం చుట్టక్కర్లేదు, అంటించక్కర్లేదు. మొదటిది ఎక్కించిన రాత్రి పదకొండింటికి మా ఆవిణ్ణి లేపి మరీ చూపించాను. "బాగుంది, లైటు తీసేయండి" అంది.

జరీ సంగతి ఇంకా తమాషా. ఇంగ్లండులో సాల్మన్ ఫ్లైల మీద చుట్టే ఓవల్ టిన్సెల్ అంటే ఏమిటో తెలుసా? నూలో పట్టో నడిమి పోగు, దాని చుట్టూ సన్నటి లోహపు రేకు. మన జరీ కూడా అచ్చంగా అంతే. వాళ్లది చిన్న చుట్ట కొన్ని వందలు. నాకు జరీ, రెండు రంగుల జర్దోసి, గాజు పూసలు, ఆరు రంగుల సిల్క్ థ్రెడ్ అన్నీ కలిపి ₹410 అయ్యాయి. బిల్లు ఇస్తూ షాపాయన, "మేడమ్‌కి నచ్చకపోతే మార్చుకోవచ్చు" అన్నాడు. మేడమ్‌కి బాగానే నచ్చాయి. జర్దోసి సగం ఆవిడ డబ్బాలోకి పోయింది.

రెండు చిక్కులు తర్వాత తెలిశాయి. చవక జర్దోసి నీళ్లలో రెండుసార్లు మునిగేసరికి నల్లబడుతుంది. పైన రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత వేస్తే ఆగుతుంది. రెండోది, సిల్క్ థ్రెడ్ తడిస్తే రంగు ముదిరిపోతుంది. షాపులో ముద్దమందారంలా మెరిసిన ఎరుపు నీళ్లలో వంకాయ రంగులోకి దిగింది. ఇప్పుడు రంగు ఎంచుకునే ముందు దారం చివరని నాలికతో తడిపి చూస్తున్నాను. షాపువాళ్లు మరోలా అనుకుంటే అనుకోనీ.

కట్టే దారం దగ్గర పది రోజులు పోయాయి. మామూలు కుట్టు దారం మూడు పోగులు మెలేసి ఉంటుంది, ముల్లు మీద నాలుగు చుట్లకే గడ్డలా లేస్తుంది. రీళ్లు మార్చి మార్చి విసిగిపోయి మా టైలర్‌ని అడిగాను. ఆయన చేతిలో పని ఆపకుండానే ఓవర్‌లాక్ మిషన్ వైపు గడ్డం ఊపాడు. ఓవర్‌లాక్‌కి వాడే వాటిలో ఒక రకం దారం మెలిక లేకుండా, ఉన్నిలా పొంగి ఉంటుంది. లాగితే పట్టీలా చదునుగా పరుచుకుంటుంది. ఒక్క కోన్ ₹55. నేను బతికున్నన్నాళ్లూ ఫ్లైలు కట్టినా అది అయిపోదు. తేనె మైనం ముక్క మీద ఒకసారి లాగితే పట్టు బాగా నిలుస్తుంది. పూర్వం ఇంగ్లండులో చెప్పులు కుట్టేవాళ్ల మైనమే పట్టుదారానికి రాసి ఫ్లైలు కట్టేవాళ్లు. కాబట్టి ఈ వీధి షాపుల వేట నేను కనిపెట్టిందేమీ కాదు.

దారం జారడానికి ఒక గొట్టం కావాలి, బాబిన్ అంటారు. సైకిల్ పుల్ల వంచి, చివర ఇంజెక్షన్ సూది కోసి పెట్టాను. చూడ్డానికి అద్భుతం. కోసిన సూది అంచు మాత్రం బ్లేడు. మొదటి ఫ్లై కడుతుంటే పద్నాలుగుసార్లు దారం తెగింది. లెక్కపెట్టాను, ఎందుకంటే పద్నాలుగోసారి దాన్ని గోడకేసి కొట్టాను. తర్వాత సూది బదులు అయిపోయిన పెన్ను రిఫిల్ ముక్క పెట్టా. అది ప్లాస్టిక్కు, ఏదీ తెగదు. ఈ మొత్తం ప్రయోగానికి ₹15. ముల్లు పట్టుకోవడానికి కంసాలి పనిముట్ల షాపులో చేతి వైసు ఒకటి, ₹280. దాన్ని టేబులు అంచుకి బిగించుకోవడానికి వడ్రంగి మేస్త్రి క్లాంపు ఇంట్లోనే ఉంది.

నవంబరు ఆఖరి శనివారం, 30న, రాగి తీగ కోసం మోటారు వైండింగ్ షాపుకెళ్లాను. కాలిపోయిన మోటార్లు, వార్నిష్ వాసన, స్టూలు మీద కూర్చుని గుండ్రంగా తీగ చుడుతున్న పెద్దాయన. "సన్నది" అన్నాను. "ఎంత సన్నది? నంబరు చెప్పు బాబూ" అన్నాడు. నాకేం తెలుసు. జేబులోంచి కొన్న ఫ్లై ఒకటి తీసి, దాని మీద చుట్టిన తీగ చూపించాను. కళ్లద్దాలు పైకెత్తి, ఫ్లైని వెలుతురుకి పెట్టి చూసి, "నలభై గేజు" అన్నాడు. తీగని వేళ్లతో తాకి కూడా చూడలేదు. సీలింగ్ ఫ్యానుకి కూడా ఇంత సన్నది వాడరట, చిన్న ట్రాన్స్‌ఫార్మర్లకి వాడతారట. తూకానికే అమ్ముతాడు, వంద గ్రాములకి తక్కువ కోయడు. ₹120. వంద గ్రాములంటే నాలాంటివాళ్లు ఊరికి సరిపడా పంచుకోవచ్చు.

అన్ని చోట్లా జరిగింది ఇదే. ముక్క లెక్కన చూస్తే ప్రతిదీ కారుచవక, కానీ ఎవరూ ముక్క అమ్మరు. కోను, తూకం, డజను. నేను వెయ్యి రూపాయల లెక్క వేసుకున్నప్పుడు ముక్కల లెక్క వేసుకున్నాను.

రాగి తీగతో కట్టాలనుకున్నది ఫ్రాంక్ సాయర్ నిమ్ఫ్, అంటే నీటిపురుగు పిల్లలా కనిపించే ఫ్లై. సాయర్ ఇంగ్లండులో ఏవన్ నది కాపలాదారు. దారమే వాడకుండా సన్న రాగి తీగతోనే ముల్లుకి బరువూ కట్టూ రెండూ సాధించాడు. ఆయనదే ఇంకో ఫ్లై, కిల్లర్ బగ్. దానికి వాడింది మేజోళ్లు రఫూ చేసుకునే ఉన్ని దారం, చాడ్విక్స్ 477 నంబరు. అప్పట్లో అట్టముక్కకి చుట్టి అమ్మేవారు. కంపెనీ దాన్ని ఆపేశాక ఆ అట్టముక్కలు పాతసామాన్ల వేలంలో చుక్కలంటే ధర పలికాయి. ఈ కథ తెలిశాక నేను సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో బూడిదలో కాస్త గులాబీ కలిసిన ఊలు ఉండ కోసం ఒక మధ్యాహ్నమంతా తిరిగాను. దొరకలేదు. ఆ పూటకి నేనూ వెర్రివాళ్లలో చేరానని ఒప్పుకుంటున్నా.

మిగతావి చకచకా దొరికాయి. కారు తుడిచే మైక్రోఫైబర్ గ్లవ్, వేళ్లలాంటి కుచ్చులు వేలాడుతుంటాయే, అది ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ₹100. ఒక్కో కుచ్చు కత్తిరించి ముల్లుకి కడితే లావుపాటి పురుగు. అమెరికావాళ్లు మాప్ ఫ్లై అని పేరు పెట్టి పోటీల్లో వాడితే, ఇది అన్యాయమని అక్కడ పెద్ద రభస అయింది. కట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. కళ్ల కోసం తాళం చెవుల గొలుసు, గుండ్రటి పూసలు వరసగా ఉండే రకం, డజను ₹30. రెండేసి పూసలు కత్తిరిస్తే జంట కళ్లు. బరువుకి ఎలక్ట్రానిక్స్ షాపులో సోల్డర్ తీగ ₹40, అక్కడ దాన్ని "లెడ్" అని అడగాలి. పేరుకి తగ్గట్టే అందులో సీసం ఉంటుంది, కట్టాక చేతులు కడుక్కోండి. స్టేషనరీ షాపులో పిల్లల ప్రాజెక్టులకి అమ్మే ఫోమ్ షీట్లు పది రంగులు ₹80.

ఫ్లై తల మీద పోసి గట్టిపరిచే యూవీ జిగురు మాత్రం నా సొంత తెలివి అని చెప్పుకుంటాను. ఫోనుకి వంపు స్క్రీన్ గార్డు వేసేటప్పుడు ఒక చుక్క జిగురు పోసి నీలం లైటు పెడతారు, చూశారా? అదే. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సీసా, చిన్న లైటు కలిపి ₹150. పైపైన కొంచెం జిగట మిగులుతుంది, స్పిరిట్‌తో తుడిస్తే పోతుంది.

ఇక ఈకలు. ఇది ఏ షాపులోనూ దొరకని వస్తువని తెలుసుకోవడానికి నాకు నెలన్నర, ₹100, ఒక పెద్ద తగాదా పట్టాయి.

డిసెంబరు 1, ఆదివారం పొద్దున ఆరున్నరకి చికెన్ సెంటర్‌కెళ్లి, నాటు పుంజు కోసినప్పుడు మెడ ఈకలు తీసి పెట్టమన్నాను. అబ్బాయి చేతిలో వంద పెట్టాను. బ్రాయిలర్ ఈకలు పనికిరావు. ఆరు వారాలకే కోసేస్తారు, పాపం దానికి మెడ ఈక మెడ ఈకలా పెరిగే వయసే రాదు. కనీసం ఏడాది దాటిన పుంజు కావాలి. అబ్బాయి మంచివాడు, గంటలో కవరు నింపి ఇచ్చాడు. నాటుకోడినే, కానీ మరుగునీళ్లలో ముంచి పీకిన ఈకలు. సగం నలిగిపోయి, సగం రక్తంతో అట్టకట్టి. షాంపూ పెట్టి కడిగాను, న్యూస్‌పేపరు మీద ఆరబెట్టాను, ఆరాయనుకుని జిప్ కవర్లో వేసి బట్టల బీరువా పైన పెట్టాను.

డిసెంబరు 22న మా ఆవిడ బీరువా తెరిచి, ఒక్క క్షణం ఆగి, "ఏవండీ" అంది. ఆ గొంతు నాకు తెలుసు. కవరు లోపల చిన్న చిన్న నల్ల పురుగులు, బయట కూడా. పట్టుచీరలున్న బీరువా. ఆ రోజు ఏం జరిగిందో వివరంగా రాయను. చీరలన్నీ ఎండలో వేసి, బీరువా అంతా తుడిచి, కలరా ఉండలు పెట్టేసరికి సాయంత్రమైంది. చీరలకేమీ కాలేదు. ఫ్లైలు కట్టే సామాను నా ఆఫీసు బ్యాగు పక్కకి, వరండాలోకి మారింది.

సంక్రాంతికి భీమవరం దగ్గర మా అత్తగారి ఊరెళ్లాం. మా మావగారు పుంజుల్ని పెంచుతారు. భోగి నాడు, జనవరి 13న, ఇంట్లో నాటుకోడి కూర. పొద్దున్నే ఆయన దగ్గరికెళ్లి నసుగుతూ, "మావయ్యగారూ, కోసేటప్పుడు మెడ తోలు చిరక్కుండా నాకివ్వగలరా?" అన్నాను.

ఆయన కాసేపు చూసి, "ఎందుకండీ అల్లుడుగారూ?" అన్నారు.

లోపల్నుంచి మా అత్తగారు, "కొత్తల్లో లివర్ అడిగేవారు, ఇప్పుడు తోలు అడుగుతున్నారేంటమ్మా" అని మా ఆవిడతో అనడం నాకు వినిపించింది.

జేబులోంచి ఫ్లై తీసి చూపించాను. ఆయన దాన్ని తిప్పితిప్పి చూసి, ఇంకేమీ అడగకుండా నన్ను దొడ్లోకి తీసుకెళ్లి పుంజులు చూపించడం మొదలుపెట్టారు. ఇది డేగ, ఎర్రది. అది కాకి. అది సేతు, తెల్లది. ఈ లేత బంగారు రంగుది అబ్రాసు. కుక్కుట శాస్త్రంలో రంగుకో పేరు. నాకు ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఫ్లైలు కట్టేవాళ్ల పుస్తకాల్లోనూ సరిగ్గా ఇలాగే పుంజు మెడ ఈకలకి రంగుకో పేరుంటుంది. బ్యాడ్జర్, ఫర్నెస్, గ్రిజ్లీ, డన్. వాళ్లు చేప కోసం పెట్టుకున్నారు, మనవాళ్లు పందెం కోసం. ఈక మీద చూపు మాత్రం ఒకటే. "ఆయ్, మీకే రంగు కావాలో చెప్పండి" అన్నారు మావయ్యగారు. కూరకి ఏ కోడి పనికొస్తుందన్న దానికంటే ఈ ప్రశ్న ముందొచ్చినందుకు ఆయన మీద గౌరవం పెరిగింది. డేగ అన్నాను.

ఈసారి పద్ధతిగా చేశాను. మెడ తోలు లోపలి కొవ్వంతా చెంచాతో గీకేసి, అంట్లు తోమే సబ్బునీళ్లలో కడిగి, అట్టముక్క మీద లోపలి వైపు పైకి ఉండేలా గుండుసూదులతో సాగదీసి గుచ్చాను. వెలిగారం పొడి మందంగా చల్లాను. అంటే బోరాక్సే. మూలికల కొట్లో "వెలిగారం" అంటే వెంటనే ఇస్తారు, ₹40. అక్కడా ఇక్కడా "బోరాక్స్" అంటే క్యారమ్ బోర్డు పౌడరు ఇచ్చినవాళ్లున్నారు, అది వేరే సరుకు. నీడలో పన్నెండు రోజులు. మొదటి నాలుగు రోజులు చీమల భయం, తర్వాత తోలు అప్పడంలా గలగలలాడింది. ఆ తర్వాత కవర్లో పెట్టి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచాలి, పురుగు గుడ్లు ఏమైనా ఉంటే చావడానికి. ఈసారి ముందే పర్మిషన్ అడిగాను. "మూడు కవర్లు వేసి, నా ఐస్‌క్రీమ్ వైపు కాకుండా పెట్టండి" అనే షరతు మీద దొరికింది.

ఈక గురించి నిజం చెప్పాలి. కొలరాడోలో వైటింగ్ ఫార్మ్స్‌లాంటి చోట్ల కేవలం ఈకల కోసమే తరాల తరబడి పెంచిన పుంజుల ఈకలకీ వీటికీ పోలిక లేదు. అవి బాగా పొడవు, ఒక్క ఈకతో నాలుగైదు ఫ్లైలు. మన డేగ ఈక పొట్టి, ఒక్కో ఫ్లైకి రెండు కావాలి. నూగు కూడా ఎక్కువ, నీళ్లు పీల్చేస్తుంది. అందుకని నీటిమీద తేలే ఫ్లైలకి పనికిరాదు, మునిగేవాటికి చక్కగా సరిపోతుంది. ముల్లు చుట్టూ తిప్పినప్పుడు ఆ ఎరుపు మాత్రం, ఇటుకరాయి మీద ఎండ పడ్డట్టు ఉంటుంది. రంగు డబ్బాల్లో దొరికేది కాదు.

నెమలీకలు రెండు, చార్మినార్ దగ్గర, ₹40. సహజంగా రాలినవి దేశం లోపల అమ్ముకోవచ్చు కానీ, విదేశాలకి పంపకూడదు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు నాలుగు పంపమన్నాడు, కుదరదన్నాను. ఇంకొకాయన అడవికోడి ఈకలు తెప్పించిస్తానన్నాడు. మెడ మీద మైనపు చుక్కల్లా మెరిసే ఆ ఈకల కోసం ప్రపంచమంతా సాల్మన్ ఫ్లైలు కట్టేవాళ్లు ప్రాణం పెడతారని నాకూ తెలుసు. 1972 వన్యప్రాణి చట్టం ఉందనీ తెలుసు. దణ్ణం పెట్టి ఇంటికొచ్చాను.

జనవరి నెలాఖరుకి అరవై ఒక్క ఫ్లైలు కట్టాను. వాటిలో సిగ్గుపడకుండా డబ్బాలో పెట్టుకోదగ్గవి ముప్పై ఎనిమిది. ఖర్చు, నెయిల్ పాలిష్ నుంచి ఆటోల దాకా కలిపి, ₹2,400. వెయ్యి అన్నది మా ఆవిడ ఒక్కసారే గుర్తుచేసింది. ఆ ఊలు ఉండని పక్కన పెడితే, ఎక్కడా దొరకనిది 14, 16 నంబర్ల చిన్న ముల్లు ఒక్కటే. దానికింకా ఆన్‌లైనే దిక్కు.

ఒక వస్తువు గురించి చెప్పలేదు. నవంబరులో బేగంబజార్ నుంచి వస్తుంటే నా స్పంజు చెప్పు పట్టీ తెగిపోయింది. పారేయబోయి, వేలితో నొక్కి చూసి, ఆగాను. మెత్తగా తేలికగా ఉంది, నీళ్లలో తేలుతుంది. బ్లేడుతో మడమ దగ్గర మందంగా ఉన్న భాగం కోసి, ఉల్లిపాయ సైజు నుంచి చెక్కుతూ చెక్కుతూ చిటికెన వేలి కొనంత చేసి, ముందువైపు కొంచెం గుంట తీసి, ముల్లు దూర్చి ఫెవిక్విక్ పోశాను. వెనక మేక వెంట్రుకలు నాలుగు. లాగితే నీళ్లమీద బుడుక్ బుడుక్‌మనే పాపర్. తయారుచేసిన ఆరింటిలో ఒకటి బాగా కుదిరింది.

ఫిబ్రవరి 2, ఆదివారం, చేవెళ్ల వైపు ఒక ఊరి చెరువు. చెరువు మీద హక్కు మత్స్యకారుల సొసైటీది. అడక్కుండా దిగకూడదు. సొసైటీ మనిషి ఒకాయన గట్టు మీద వల బాగుచేసుకుంటూ కూర్చున్నాడు. చేపలు తీసుకెళ్లను, పట్టి వదిలేస్తానని చెప్పాను. అర్థంకానట్టు చూసి, "పట్టి ఇడిసిపెట్టేదానికి ఇంతదూరం వచ్చినవా అన్నా?" అని సరే అన్నాడు.

కారు గ్లవ్ ఫ్లైకి మొదటి గంటలోనే ఏడు తిలాపియాలు. జర్దోసి ముల్లుకి పరకలు, వేలెడేసి, వరసగా. డేగ ఈకతో కట్టినదానికి ఒక్కటీ రాలేదు. ఇంత కష్టపడినదానికి అదే బహుమతి. ఆయన వల పక్కన పెట్టి వచ్చి నా వెనక నిలబడ్డాడు. పదకొండు దాటాక గుర్రపుడెక్క అంచున నీళ్లు మెదిలాయి. పాపర్ కట్టి విసిరాను. బుడుక్. బుడుక్. మూడోసారి లాగుతుంటే నీళ్లు పగిలి, నల్లటి తల పైకొచ్చి, పాపర్ మాయమైంది. కొర్రమీను. రాడ్ సగానికి వంగింది. పది క్షణాలు ఉందేమో. దారం వదులైపోయింది.

లాక్కుని చూస్తే, స్పంజు ముల్లు చుట్టూ తిరిగిపోయి మొనకి అడ్డుపడి ఉంది. జిగురు ఒక్కటే సరిపోదు, ముందు ముల్లుకి దారం చుట్టి గరుకు చేసి అప్పుడు అంటించాలి. స్పంజు మీద రెండు వైపులా పళ్ల గుర్తులు, సూదితో పొడిచినట్టు.

ఆయన చెయ్యి చాపాడు. ఇచ్చాను. గోరుతో గీకి, నీలం పొర కింది తెలుపు చూసి, వాసన కూడా చూశాడు.

"చెప్పు గదా ఇది?"

"అవునన్నా."

"ఎడమదా, కుడిదా?"

"ఎడమది" అన్నాను. కుడిది ఇంకా ఇంట్లోనే ఉంది.